నేలపట్టులో సీజన్ చివర గూళ్లు చూడటం ఎలా?

జనవరిలో పక్షుల పండగ సందడి అయిపోయాక ప్రతి ఏడూ ఇదే ప్రశ్న: "ఫిబ్రవరి, మార్చిలో నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోతే ఇంకేమైనా పక్షులు మిగిలి ఉంటాయా?" ఉంటాయి. గూట్లో ఏం జరుగుతుందో చూడాలనుకునేవాళ్లకు నా లెక్కలో అదే మంచి టైమ్. కాకపోతే జనవరిలో చూసినట్టు చూస్తే కుదరదు. చెరువు కట్ట మీద ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తే "ఈసారి తక్కువున్నాయి" అన్న మాటే మిగులుతుంది. ఒక చెట్టు ఎంచుకుని మూడు గంటలు కూర్చోవాలి. ఆ మూడు గంటల కోసమే ఇదంతా.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయింది. మా నోటికి మాత్రం అది ఇంకా నెల్లూరు జిల్లానే. మ్యాప్‌లో వెతికేటప్పుడు దొరవారిసత్రం మండలం అని చూడండి.

## 1. ఏ రోజు, ఏ వేళ

నేలపట్టు గూళ్ల సీజన్ ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు చెరువు నిండితే గూడబాతులు నీళ్లలో నిలబడ్డ నీటి కడప చెట్ల మీద గూళ్లు మొదలుపెడతాయి. గూడబాతు అంటే పెలికాన్. వాన ఆలస్యమైతే గూళ్లూ ఆలస్యమే. కాబట్టి క్యాలెండరు చూసి బయల్దేరకండి, లెక్క కట్టి బయల్దేరండి.

లెక్క సులువే. గూడబాతు గుడ్డు పొదగడానికి 30 నుంచి 33 రోజులు పడుతుంది. పిల్ల గూట్లోనో, గూటి పక్కనో మూడు నుంచి ఐదు నెలలు ఉంటుంది. డిసెంబరు మొదట్లో గుడ్డు పెట్టి ఉంటే జనవరి మొదట్లో పిల్ల బయటికి వస్తుంది. ఏప్రిల్ మొదటికి దానికి మూడు నెలలు నిండుతాయి. ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) ఇంకా తొందరగా తెములుతుంది: పొదగడానికి సుమారు నెల, ఎగరడానికి దాదాపు రెండు నెలలు.

ఒక్కసారే వెళ్లగలిగితే మార్చి రెండో, మూడో వారం పెట్టుకోండి. రెండుసార్లు కుదిరితే ఫిబ్రవరి ఆఖర్లో ఒకసారి, మార్చి ఆఖర్లో ఒకసారి. రెండోసారి వెళ్లినప్పుడే అసలు సంగతి అర్థమవుతుంది.

వేళ విషయంలో బేరం లేదు. మార్చిలో ఇక్కడ ఆరుం పావుకల్లా తెల్లారిపోతుంది. గేటు తెరిచే టైమ్ ముందురోజే కనుక్కుని, తెరవగానే లోపల ఉండాలి. పది దాటితే నీటి మీద వేడి గాలి ఆడి, బైనాక్యులర్‌లో గూడు అలల్లో ఊగినట్టు కనబడుతుంది. ఉదయం కుదరకపోతే సాయంత్రం నాలుగు తర్వాత.

## 2. ముందురోజు సర్దుకోవాల్సినవి

నెల్లూరు నుంచి చెన్నై హైవే మీద వస్తుంటే నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేట ఇంకా రాకముందే లోపలికి తిరగాలి. రైలులో వచ్చేవాళ్లకు దొరవారిసత్రం స్టేషన్ దగ్గర. ఏ రైలు ఆగుతుందో, ఏది ఆగదో ముందే చూసుకోండి. టిఫిన్ నాయుడుపేటలోనే కానిచ్చేయండి. కారం దోశ మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ ఉదయానికి ఇడ్లీ తినండి. మూడు గంటలు ఎండలో కూర్చోవాలి మరి.

బ్యాగులో ఉండాల్సినవి:

- 8×42 బైనాక్యులర్ (8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని). 10×42 ఉన్నా సరే, చెయ్యి వణికితే మాత్రం 8 మేలు
- అరువుకు దొరికితే స్పాటింగ్ స్కోప్ (ఒంటికన్ను దుర్భిణి), దానికి గట్టి ట్రైపాడ్
- లాంగ్ నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు (చెమట చేతికి పెన్ను సిరా అలుక్కుపోతుంది)
- అంచు వెడల్పున్న టోపీ. ఎండకూ, పైనుంచి పడే రెట్టలకూ, రెండు పనులకూ అదే
- మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక సీసా మజ్జిగ
- కూర్చోవడానికి మడత పీట, లేదంటే పాత దుప్పటి
- మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు. తెల్ల చొక్కా, ఎర్ర చీర వద్దు
- జేబురుమాలు. సీజన్ చివర వాసన ఘాటుగా ఉంటుంది, మొదటి పది నిమిషాలు ఓర్చుకుంటే అలవాటైపోతుంది

ఇంట్లోనే వదిలేయాల్సినవి: డ్రోన్, బ్లూటూత్ స్పీకర్, ఫోన్‌లో పక్షి కూతలు వినిపించే యాప్ మీద మోజు.

## 3. చెట్టు ఎంచుకోవడం

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గూళ్లు ఎక్కువున్న చెట్టు ముందు కూర్చుంటారు. ఇరవై గూళ్లు ఒకేసారి చూడటం ఎవరి వల్లా కాదు. ఐదారు గూళ్లు స్పష్టంగా కనబడే చెట్టు చాలు.

కట్ట మీద ఒకసారి ఆగకుండా నడిచి రండి. నడుస్తూనే ఈ నాలుగూ చూడండి:

- సూర్యుడు మీ వెనక ఉన్నాడా? ఎదురు వెలుతురులో తెల్ల పిల్ల, బూడిద పిల్ల ఒకేలా నల్లగా కనిపిస్తాయి
- గూటి పైన ఆకులు పలచగా ఉన్నాయా?
- ఒకే చెట్టు మీద కనీసం రెండు జాతులున్నాయా?
- మీరు కూర్చునే చోట నీడ ఉందా, మీ వెనక జనం నడిచే దారి ఉందా? దారి ఉంటే వేరే చోటు చూసుకోండి

మీరు ఆగగానే పక్షులు మెడలు నిక్కించి మీవైపే చూస్తుంటే దగ్గరికి వచ్చేసినట్టు. గూట్లో పెద్దది లేచి నిలబడిందంటే ఇంకా దగ్గరికి వచ్చేశారన్నమాట. నాలుగడుగులు వెనక్కి వేసి, అది మళ్లీ కూర్చునేదాకా ఆగండి. ఎండలో పెద్దది గూడు వదిలి ఎగిరిపోతే చిన్న పిల్లకు నీడ పోతుంది, కాకులకు సందు దొరుకుతుంది.

ఎక్కడ కూర్చోవాలో తేలకపోతే అటవీశాఖ వాచర్‌ను అడగండి. నన్ను ఒకసారి మార్చిలో చూసి ఆయన, "సగం పోయుండాయి గదా సార్, ఇప్పుడొస్తుండారేంది?" అన్నాడు. "పిల్లలు ఎగరడం చూద్దామని, అన్నా" అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, వాచ్‌టవర్ వైపు పోబోతున్నవాణ్ణి ఆపి, కింద ఒక మూల చూపించాడు. టవర్ మీది నుంచి చెరువంతా కనబడుతుంది, గూటి లోపలి సంగతి మాత్రం ఆ మూల నుంచే తెలిసింది.

## 4. గూళ్లకు నంబర్లు వేయడం

మొదటి పదిహేను నిమిషాలు బైనాక్యులర్ పక్కన పెట్టి చెట్టు బొమ్మ గీయండి. బొమ్మ బాగుండక్కర్లేదు. నా బొమ్మలు చూసి మా అమ్మాయి చీపురు కట్టలు అంటుంది.

- మాను, పెద్ద కొమ్మలు, ఎండు కొమ్మ ఏదైనా ఉంటే అది గీయండి. ఎండు కొమ్మే మీ గుర్తు
- ఎడమ పక్క పైనుంచి మొదలుపెట్టి గూళ్లకు 1, 2, 3 వేయండి
- ప్రతి నంబరు పక్కన జాతి రాయండి
- ప్రతి గూట్లో పిల్లలెన్ని, పెద్దది ఉందా లేదా రాయండి

ఆ తర్వాత పదిహేను నిమిషాలకోసారి ఒక వరస. పొట్టి గుర్తులు పెట్టుకుంటే తల దించాల్సిన పని తగ్గుతుంది. నావి ఇవి: పె (పెద్దది ఉంది), మే (మేత పెట్టింది), రె (పిల్ల రెక్కలాడించింది), కొ (పిల్ల కొమ్మ మీదికొచ్చింది), ఖా (ఖాళీ).

"తల్లి" అని రాయకండి. గూడబాతుల్లో ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండూ పిల్లల్ని సాకుతాయి.

## 5. పిల్ల ఏ దశలో ఉందో పోల్చుకోవడం

గూడబాతు. మొదట తెల్లటి నూగు, దూరం నుంచి దూది ఉండలా ఉంటుంది. తర్వాత రెక్కల మీద, వీపు మీద బూడిద గోధుమ రంగు ఈకలు మొదలై నూగును తినేస్తాయి. మెడ మీద మాత్రమే నూగు మిగిలిన పిల్ల ఎగరడానికి దగ్గరపడినట్టు. పెద్దదానికి పై దవడ అంచున నల్ల చుక్కల వరస ఉంటుంది, పిల్లకు ఉండదు. సైజు చూసి మోసపోయినా చుక్కలు చూస్తే తెలిసిపోతుంది.

ఎర్రకాళ్ల కొంగ. పెద్దదానికి తోక దగ్గర గులాబీ ఈకలు, తల మీద నారింజ రంగు బోడి చర్మం. పిల్ల మొత్తం మాసిన గోధుమ రంగు, తల మీద ఈకలుంటాయి. గూట్లో గొంతు చించుకుని అరిచేది పిల్లే. పెద్దవి దాదాపు మూగవి, ముక్కు టకటకలాడిస్తాయి.

నత్తగుల్ల కొంగ. పెద్దదానికి ముక్కు మూసినా మధ్యలో సందు కనబడుతుంది. పిల్లకు ఆ సందు ఉండదు. "ఇది వేరే కొంగ" అని రాసుకొచ్చేది దీన్నే.

చింతవొక్కు (నైట్ హెరాన్). పెద్దది నలుపు, బూడిద, తెలుపు. పిల్ల గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు. రెండూ ఒకే కొమ్మ మీద ఉన్నా రెండు జాతులనుకునేవాళ్లు చాలామంది. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నాను.

తెల్ల కంకణాయి (ఐబిస్). పెద్దదానికి మెడా తలా నల్లటి బోడి. పిల్లకు మెడ మీద ఈకలుంటాయి. అంతే తేడా.

## 6. ఆ మూడు గంటల్లో కనిపెట్టాల్సినవి

మేత. గూడబాతు పిల్ల పెద్దదాని నోట్లోకి తల దూర్చి, మెడ దాకా లోపలికి పోయి తింటుంది. మొదటిసారి చూసేవాళ్లు పెద్దది పిల్లను మింగేస్తోందని కంగారుపడతారు. ఎర్రకాళ్ల కొంగ పద్ధతి వేరు. చేపల్ని గూటి నేల మీద కక్కేస్తే పిల్లలు ఎగబడి ఏరుకుంటాయి. ఏ గూటికి ఎన్నిసార్లు మేత వచ్చిందో లెక్క పెట్టండి. సీజన్ చివర ఈ లెక్కకే విలువ.

ఒక సంగతి ముందే చెప్పి ఉంచాలి. పెలికాన్ పిల్లలు మేతకు ముందో, ఎక్కువగా తిన్న తర్వాతో మూర్ఛ వచ్చినట్టు రెక్కలు కొట్టుకుని, ఒక్కోసారి స్పృహ తప్పినట్టు వాలిపోతాయి. మా నాలుగో నంబరు గూట్లో ఒక పిల్ల తన రెక్కను తనే కొరుక్కుని, గింగిరాలు తిరిగి, మెడ గూటి అంచు మీద వేలాడేసింది. పక్కనున్న కుర్రాడు "అంకుల్, పోయింది" అన్నాడు. కాసేపటికి తల ఎత్తి మళ్లీ మేత కోసం పెద్దదాని ముక్కు పొడవడం మొదలుపెట్టింది. అలాంటిది చూస్తే టైమ్ రాసుకోండి, గేటు దగ్గరికి పరిగెత్తకండి.

నీడ. ఎండ ఎక్కాక ఎర్రకాళ్ల కొంగ గూటి మీద రెక్కలు గొడుగులా పరిచి నిలబడుతుంది. సూర్యుడు జరిగేకొద్దీ అదీ తిరుగుతుంది. పావుగంటకోసారి అది ఎటు తిరిగి ఉందో బొమ్మలో బాణం గుర్తు వేసి చూడండి. పిల్లలు పెద్దవైపోయాక ఈ గొడుగు పట్టడం ఆగిపోతుంది. గూడబాతులైతే గొంతు సంచీని గబగబా ఆడిస్తుంటాయి. అది వేడి తగ్గించుకోవడానికి, ఆకలికి కాదు. కొంగల కాళ్లు తెల్లగా సున్నం పూసినట్టుంటే అదీ వేడికే: కాళ్ల మీద రెట్ట వేసుకుని చల్లబరచుకుంటాయి.

రెక్కల కసరత్తు. ఎగరబోయే పిల్ల గూటి అంచున నిలబడి గాలికి ఎదురుగా రెక్కలు కొడుతుంది. మొదట కాళ్లు కదలవు. తర్వాత రోజుల్లో ఒక జానెడు పైకి లేచి మళ్లీ గూట్లోనే పడుతుంది. ఆ జానెడు కనబడితే ఆ గూటిని వదలకండి.

కొమ్మ దాటడం. గూడు విడిచి పక్క కొమ్మకు, అక్కడి నుంచి ఇంకో కొమ్మకు. మేత వచ్చినప్పుడు మాత్రం మళ్లీ గూట్లోకి ఉరుకుతుంది. అందుకే ఒకసారి ఖాళీగా కనబడ్డ గూటికి "ఖా" అని రాసి కొట్టేయకండి, మేత వచ్చేదాకా ఆగండి.

పైకి లేవడం. ఉదయం ఎండ కాస్త ముదిరి, వేడి గాలి పైకి లేచే వేళకు పెద్ద గూడబాతులు రెక్కలాడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెక్కుతాయి. వాటితో పాటు చుక్కల్లేని ముక్కు, మాసిన గోధుమ రంగు రెక్కలున్నది ఒకటి తడబడుతూ తిరుగుతుంటే అది ఈ ఏటి పిల్ల. బైనాక్యులర్ గూటి మీది నుంచి తీయాల్సింది ఇలాంటప్పుడే.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

"గూడు ఖాళీ, పిల్ల చచ్చిపోయినట్టుంది." తొందరపడకండి. గూటి అంచున తాజా తెల్ల రెట్టలున్నాయా, పక్క కొమ్మ మీద అదే వయసు పిల్ల ఉందా చూడండి. ఉంటే గూడు వాడకంలోనే ఉంది. పక్క గూటివాళ్లు దర్జాగా పుల్లలు ఎత్తుకుపోతుంటే మాత్రం ఆ కాపురం అయిపోయినట్టే.

పిల్లల సంఖ్య తగ్గింది. గూడబాతు మామూలుగా మూడు గుడ్లు పెడుతుంది. ఆఖరికి ఒకటో రెండో మిగలడం ఏమీ వింత కాదు. దాన్ని "ఈ ఏడు పిట్టలు చచ్చిపోతున్నాయి" అని వాట్సాప్‌లో పెట్టేయకండి.

లెక్క రెండింతలు వచ్చింది. రెండు చోట్ల నుంచి ఒకే చెట్టు లెక్కపెట్టారు. ఎండు కొమ్మ గుర్తుతో పోల్చి, ఒక చోటు లెక్క కొట్టేయండి.

స్కోప్‌లో అంతా మసక. లెన్స్ తుడవకండి, జూమ్ తగ్గించండి. 60 దగ్గర ఉంటే 20, 25కి దించండి. అప్పటికీ ఆడుతుంటే స్కోప్ మూసేసి మజ్జిగ తాగండి, ఆ పూటకు దాని పని అయిపోయింది.

ఫొటోల్లో తెల్ల పక్షి ముద్దలా వచ్చింది. ఫోన్‌లోనైనా కెమెరాలోనైనా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి.

పిల్లలతో వచ్చాం, విసుగు పుట్టింది. ఒక్కొక్కరికీ ఒక్కో గూడు నంబరు అప్పజెప్పండి. "నా గూడు" అనగానే ఓ గంట వరకు కదలరు.

## 8. పిల్ల కింద పడితే

నేను చూసిన ఒక తప్పు చెబుతాను. నా వెంట వచ్చిన స్నేహితుడే చేశాడు. కట్ట పక్కన గూడబాతు పిల్ల ఒకటి కూర్చుని ఉంది. జాలిపడి సీసా మూత తీసి దాని ముక్కులో నీళ్లు పోయబోయాడు. వాచర్ అరిచిన అరుపుకు సీసా కింద పడింది. బలవంతంగా పోసిన నీళ్లు శ్వాసనాళంలోకి పోతే పిల్ల అక్కడికక్కడే పోతుంది. ఆయన మమ్మల్ని దూరంగా పంపేశాడు. అరగంట తర్వాత ఆ పిల్ల లేచి, నడుచుకుంటూ నీళ్లలోకి దిగి ఈదుకుంటూ పోయింది.

చేయాల్సిన వరస ఇది:

- ముందు దూరం జరగండి, మిగతావాళ్లనూ జరపండి. కుక్క ఉంటే తరమండి
- ఒంటినిండా ఈకలుండి నిలబడగలిగితే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల కావచ్చు. దాన్ని వదిలేయండి
- రక్తం, వేలాడే రెక్క, చేపల వల దారం, ఇంకా నూగు మీదున్న ఒళ్లు: వీటిలో ఏది కనబడినా గేటు దగ్గర అటవీ సిబ్బందికి చోటు, టైమ్ చెప్పండి
- పట్టుకోవద్దు. గూడబాతు ముక్కు కొసన కొక్కెం ఉంటుంది. కొంగ అయితే నేరుగా కంటికే గురిపెడుతుంది
- బండిలో ఇంటికి తీసుకెళ్లడం అసలే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, ఉద్దేశం మంచిదైనా సరే

## 9. మరి ఆస్ప్రే గూడు?

ఇది కూడా చాలామంది అడుగుతున్నారు. విదేశీ వీడియోల్లో ఆస్ప్రే గూళ్లు చూసి, సోమశిల దగ్గర వెతుకుతామంటారు. వెతకకండి, ఉండవు. చేపలు పట్టే ఈ గద్ద మన దగ్గరికి చలికాలానికి వస్తుంది, మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరం వైపు తిరిగి పోతుంది. గూడు పెట్టేది ఇక్కడ కాదు.

మన దగ్గర నీళ్ల పక్కన పెద్ద చెట్టు మీద గూడు కట్టి పిల్లల్ని సాకే ఇటుక రంగు గద్ద గరుడ పక్షి. తల, రొమ్ము తెలుపు. ఆస్ప్రేకు పొట్ట తెల్లగా, కంటి మీదుగా నల్ల చార ఉంటుంది. నీటి పైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, కాళ్లు ముందుకు చాచి దభీమని పడుతుంది. చేపను తల ముందుకు వచ్చేలా పట్టుకుని పోతుంది. మార్చిలో సోమశిల, కండలేరు, పులికాట్ వైపు వెళ్తే నీళ్లలో నిలబెట్టిన గుంజల మీద, ఎండు మోళ్ల మీద వెతకండి. వెళ్లిపోయే ముందు దాన్ని చూడటానికి అదే దారి.

గరుడ పక్షి గూడు దొరికితే ఫొటోతో పాటు లొకేషన్ మాత్రం ఎక్కడా పెట్టకండి.

## 10. ఇంటికి వచ్చాక

అదే రోజు రాత్రి కూర్చుని నోట్సు సాపు చేయండి. మర్నాటికి "కొ" అని రాశారో "ఖా" అని రాశారో మీకే తెలియదు. ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు పెట్టే వెబ్‌సైట్) లిస్టు ఎక్కించేవాళ్లు బ్రీడింగ్ కోడ్, అంటే గూటి సంగతి చెప్పే పొట్టి గుర్తు, పెట్టడం మరిచిపోతుంటారు. గూట్లో పిల్ల కనబడితే ఎన్‌వై, మేత పెట్టడం చూస్తే ఎఫ్‌వై, గూడు దాటిన కొత్త పిల్లకు ఎఫ్‌ఎల్. ఒక్క అంకె వేసి వదిలేసిన లిస్టు కంటే ఈ రెండక్షరాలున్న లిస్టు పదింతలు పనికొస్తుంది.

చెట్టు బొమ్మను జిరాక్స్ తీసి పెట్టుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు అదే చోట, అదే వేళకు కూర్చుని, కొత్త బొమ్మ గీయకుండా ఆ జిరాక్స్ మీదే ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు వేయండి. పోయినసారి నా కాగితం మీద ఆరు గూళ్లలో నాలుగు "ఖా". ఐదో దాంట్లో గూడబాతు పిల్ల ఒకటి గూటి అంచున నిలబడి ఉంది. మేము లేచేదాకా జానెడు లేస్తూ, పడుతూనే ఉంది.